అగ్నిపర్వతాలను గమనించే ఉద్యోగానికి ఏం చదవాలి?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం. అగ్నిపర్వతాలను గమనించే శాస్త్రవేత్త అవుతానంటోంది. మన దేశంలో అలాంటి ఉద్యోగాలున్నాయా? ప్రాణాపాయం కాదా?
– ఒక తండ్రి, ఉప్పల్

జవాబు: ఆమెను ఆపకండి. అయితే అగ్నిపర్వతం పేరున్న డిగ్రీ కోసం వెతక్కుండా జియోఫిజిక్స్ (భౌతికశాస్త్ర పద్ధతులతో భూమిని అధ్యయనం చేసే శాస్త్రం) చదివించండి. మన దేశంలో క్రియాశీల అగ్నిపర్వతం అండమాన్‌లోని బారెన్ ద్వీపం ఒక్కటే. దాన్నే నమ్ముకుంటే అవకాశాలు బహు తక్కువ.

ఈ పని ఎలా ఉంటుందో మీరూ తెలుసుకోవాలి. శిలాద్రవం పైకి వస్తుంటే చిన్న చిన్న భూకంపాలు పుడతాయి, కొండ కాస్త ఉబ్బుతుంది, సల్ఫర్ డయాక్సైడ్ ఎక్కువగా వెలువడుతుంది. భూమి కంపనాలను నమోదు చేసే సీస్మోమీటర్లు, నేల వాలును కొలిచే టిల్ట్‌మీటర్లు, జీపీఎస్, ఉపగ్రహ రాడార్లు, వాయువులను కొలిచే పరికరాలు ఈ మార్పులను పట్టుకుంటాయి. ఏ ఒక్క సూచననో చూసి తొందరపడకుండా అన్నింటినీ కలిపి అర్థం చేసుకోవడమే అసలు విద్య. 1991లో ఫిలిప్పీన్స్‌లోని పినటుబో అగ్నిపర్వతం పేలకముందే ఆ దేశ, అమెరికా శాస్త్రవేత్తలు ఇలాగే పసిగట్టి హెచ్చరించారు, వేలమంది బతికారు. అంతకు ఆరేళ్ల ముందు కొలంబియాలో ప్రమాద పటం సిద్ధంగా ఉన్నా ప్రజలను సకాలంలో తరలించలేదు. నెవాడో డెల్ రూయిజ్ అగ్నిపర్వతం నుంచి దూసుకొచ్చిన బురద ఆర్మెరో పట్టణాన్ని ముంచేసి 20 వేల మందికి పైగా బలి తీసుకుంది. అందుకే లెక్కలతో పాటు, అధికారులకూ పల్లె జనానికీ అర్థమయ్యేలా చెప్పడం కూడా నేర్చుకోవాలని ఈ రంగంలోకి వెళ్లే పిల్లలకు గట్టిగా చెబుతాను.

ప్రమాదం లేదని చెప్పను. 1991లో జపాన్‌లోని ఉన్‌జెన్ అగ్నిపర్వతం వద్ద మరణించిన 43 మందిలో అగ్నిపర్వత శాస్త్రవేత్తలూ ఉన్నారు. కానీ పనిలో ఎక్కువ భాగం కంప్యూటర్ తెరల ముందే సాగుతుంది.

హైదరాబాద్‌లో ఉండటం మీకు కలిసివచ్చే విషయం. ఎన్‌జీఆర్ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) మీ ఉప్పల్‌లోనే ఉంది. ప్రగతినగర్‌లోని ఇన్‌కాయిస్ (భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం) సునామీ హెచ్చరికలు ఇస్తుంది. 2018లో ఇండోనేషియాలో అనక్ క్రకటోవా అగ్నిపర్వతం పక్కభాగం కూలి పెద్ద భూకంపమేదీ లేకుండానే సునామీ వచ్చింది కాబట్టి, వాళ్లకూ అగ్నిపర్వతాల సంగతి పట్టించుకోక తప్పదు. ఉపగ్రహ చిత్రాలకు ఎన్‌ఆర్ఎస్‌సీ (జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం) ఉంది.

జేఈఈ అడ్వాన్స్‌డ్‌లో మంచి ర్యాంకు వస్తే ఖరగ్‌పూర్, రూర్కీ, ధన్‌బాద్ ఐఐటీల్లో భూశాస్త్ర కోర్సులు చూడండి. లేదంటే ఫిజిక్స్, గణితంతో బీఎస్సీ, ఆపై ఉస్మానియాలో జియోఫిజిక్స్ ఎమ్మెస్సీ. యూపీఎస్సీ జియో సైంటిస్ట్ పరీక్షతో జీఎస్ఐ (భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ)లో జియోఫిజిసిస్ట్ కావచ్చు. అగ్నిపర్వతం పక్కనే పనిచేయాలన్న పట్టుదల అప్పటికీ ఉంటే పీహెచ్‌డీకి ఇటలీ, జపాన్, న్యూజిలాండ్ వైపు చూడొచ్చు.

పరీక్షలు అయ్యాక సెలవుల్లో పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష మొదలుపెట్టమనండి. ప్రపంచంలోని అనేక భూకంప కేంద్రాల రికార్డులు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. వాటితో నెల రోజులు కుస్తీ పట్టాక కూడా ఆసక్తి తగ్గకపోతే మళ్లీ రాయండి, కాలేజీల ఎంపిక గురించి వివరంగా మాట్లాడుకుందాం.