ఏడాది చూసి కాదు, అడుగున చూసి కొనండి

ప్రశ్న: అమెరికాలో డాలస్‌లో ఉంటున్నాను. నా ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ కాగితాల్లో 1969 మోడల్ అని ఉంది. బండి కదిలేటప్పుడు వెనక టకటకమంటోంది. ఆ మోడల్‌దేనని ఒక దుకాణం వాళ్లు పంపిన యాక్సిల్ బిగించబోతే బోల్టు కన్నాలు కలవలేదు. ఏది తెప్పించాలండీ?

జవాబు: బోల్టులతో బిగించే యాక్సిల్ అంటే మీది ఐఆర్ఎస్ (ఇండిపెండెంట్ రియర్ సస్పెన్షన్) రకం, అంటే యాక్సిల్ కడ్డీకి రెండు కొసలా జాయింట్లు ఉండేది. అయినా ఒకసారి కిందికి దూరి చూడండి. ఒక్కో వైపు రెండేసి రబ్బరు బూట్లు (జాయింట్లను కప్పే తొడుగులు), వాటి మధ్య బయటికి కనిపిస్తూ తిరిగే కడ్డీ ఉంటే ఐఆర్ఎస్. గేర్‌బాక్స్ దగ్గర ఒక్క బూటే ఉండి, అక్కణ్నుంచి చక్రం దాకా గొట్టం ఉంటే స్వింగ్ యాక్సిల్. అమెరికాలో అమ్మిన బీటిళ్లకు 1969 మోడల్ నుంచి ఐఆర్ఎస్ వచ్చింది, 1968లో ఆటోస్టిక్‌కు (క్లచ్ పెడల్ లేని సెమీ ఆటోమేటిక్ గేర్ల బండికి) మాత్రమే. కానీ ఇన్నేళ్లలో ఎవరు ఏ గేర్‌బాక్స్ ఎక్కించారో కాగితాలు చెప్పవు.

కన్నాలు కలవకపోవడానికి కారణం దాదాపుగా జాయింటు సైజే. బీటిల్ సీవీ జాయింటు (కడ్డీ వంపు తిరిగినా ఒకే వేగంతో తిప్పే జాయింటు) బయటి కొలత 94 మిల్లీమీటర్లు, ఫోక్స్‌వ్యాగన్ వ్యాన్‌ది 100. మట్టీ గ్రీజూ తుడిచి వెర్నియర్ పెట్టి చూడండి. మాన్యువల్ గేర్ల బండిలో జాయింట్లు తీసేసిన కడ్డీ పొడవు పదహారుంబావు అంగుళాలు, అంటే సుమారు 413 మిల్లీమీటర్లు. కుడిఎడమలు ఒకటే. ఆటోస్టిక్ అయితే ఈ అంకె నమ్ముకోకుండా మీ కడ్డీనే కొలవండి.

విప్పేటప్పుడు చెడేది బోల్టు తల. ఒక్కో జాయింటుకు ఆరు బోల్టులు. తల గుంటలో గట్టిపడిన గ్రీజును సూదిలాంటి దానితో పూర్తిగా గీకి, పన్నెండు మూలల 8 నంబరు బిట్‌ను సుత్తితో అడుగుదాకా దిగగొట్టాకే తిప్పాలి. పైపైన ఆనించి తిప్పితే మూలలు అరిగిపోతాయి, ఆ తర్వాత కోసి తీయాల్సిందే. చక్రం మధ్యలోని 36 నంబరు నట్టు జోలికి వెళ్లకండి, ఈ పనికి దాన్ని విప్పక్కర్లేదు.

కడ్డీ పాడవడం అరుదు, అరిగేది జాయింటే. కిరోసిన్‌తో కడిగి, జాయింటు లోపల గోళీలు దొర్లే గాడుల్లో గోరు పెట్టి లాగండి. గోరు తట్టుకుంటే ఆ జాయింటు మార్చాలి. కొత్తదానికి సుమారు 90 గ్రాముల మాలిబ్డినమ్ గ్రీజు పట్టించండి. బోల్టులు 25 పౌండ్-అడుగుల బిగువు, కొన్నాళ్లు నడిపాక మళ్లీ చూడాలి. వదులైతే తెగిపోతాయి.

ప్రశ్న: 1967 స్వింగ్ యాక్సిల్ బీటిల్‌కు 1966 యాక్సిల్ పడుతుందా?

జవాబు: పట్టదండీ. 1967 నుంచి యాక్సిల్ పొడవు పెరిగింది. పొడవు సరిపోయినా చాలదు: గేర్‌బాక్స్‌లోకి వెళ్లే చదునైన కొసకూ, అక్కడి సైడ్ గేరుకూ మధ్య సందు 0.03 నుంచి 0.1 మిల్లీమీటర్ల లోపే ఉండాలి. అందుకే వాటిమీద రంగు గుర్తులు వేస్తారు. రంగులు కలిసే జతనే కొనండి.