పంచె అంచు ఎటువైపు ఉండాలని ఫోన్ చేసి అడిగారు

కరోనా లాంటి సమయంలో అమెరికాలో ఫ్యూనరల్ హోమ్ వాళ్లు, అంటే అంత్యక్రియల ఏర్పాట్లు చేసేవాళ్లు, నిజంగా సాయపడతారా, బిల్లు వేసి చేతులు దులుపుకుంటారా అని ఒకరు అడిగారు. మాకు రెండు రకాల వాళ్లూ తగిలారు.

మా మావయ్యగారు 2020 ఏప్రిల్‌లో న్యూజెర్సీలో పోయారు. విజిటర్ వీసా మీద మా దగ్గరికి వచ్చి, ఇండియా విమానాలు ఆగిపోవడంతో ఉండిపోయారు. బాడీని త్వరగా తీసుకెళ్లమని ఆస్పత్రి నుంచి ఒకటే ఫోన్లు. మొదట అడిగిన చోట కోవిడ్ అనగానే ఖాళీ లేదని పెట్టేశారు. రెండోచోట ధర అడిగితే ఆఫీసుకు రమ్మన్నారు. ఇంటిల్లిపాదీ క్వారంటైన్‌లో ఉన్నాం, ఎలా వెళ్తాం? ఫోన్లో అడిగినా ధరలు చెప్పి తీరాలని 1984 నుంచే ఫెడరల్ రూల్ ఉందట. దహనానికి ఖరీదైన పెట్టె కూడా కొనక్కర్లేదు, అట్టతో చేసింది చాలు. ఇవన్నీ మాకు ఆ తర్వాత తెలిశాయి.

మూడోచోట డైరెక్టర్ కాస్త పెద్దాయన. ధరలు చెప్పేశాక, "మీ ఊళ్లో అయితే ఏమేం చేసేవారు? వరసగా చెప్పండి" అన్నారు. స్పీకర్ పెట్టి అత్తయ్యగారు చెబుతుంటే నేను ఇంగ్లీషులో చెప్పాను: స్నానం, నుదుట విభూతి, నోట్లో తులసి తీర్థం, కొత్త పంచె. బాడీ ఉంచిన సంచీ జిప్పు తీయలేను కాబట్టి మొదటి మూడూ కుదరవు, పంచె పైన కప్పి తులసి ఆకులు పెడతాను అన్నారాయన. అన్నీ చేశామని చెప్పినా మాకు తెలిసేది కాదు కదా. అందుకే ఆయన మీద నమ్మకం కుదిరింది. పంచె, తులసి ఆకులు సర్ది మేం గుమ్మం బయట పెట్టిన కవరు తీసుకెళ్లి, సాయంత్రం ఫోన్ చేసి జరీ అంచు తలవైపు రావాలా, కాళ్లవైపా అని అడిగారు. రెండు రోజులుగా నోరు విప్పని అత్తయ్యగారు లేచొచ్చి ఫోన్ అందుకున్నారు.

తొమ్మిదో రోజుకి గానీ క్రిమటోరియంలో స్లాట్ దొరకలేదు. కర్మ రోజులు దహనం నుంచే లెక్కపెట్టుకోమని పురోహితుడు జూమ్‌లో చెప్పారు. మామూలుగా అయితే కొడుకు దహన యంత్రం బటన్ నొక్కుతాడు, ఇక్కడ తలకొరివి అంటే అదే. ఆరోజు ఎవరినీ లోపలికి రానివ్వలేదు. డైరెక్టర్ ఫోన్ పట్టుకుని నిలబడితే, విజయవాడ నుంచి బావగారు కూడా చూస్తుండగా, మా ఆయన "ఇప్పుడు" అన్నారు. అక్కడి పనివాడు నొక్కాడు.

డబ్బు సంగతి కూడా చెప్తాను. కోవిడ్ అంత్యక్రియల ఖర్చుకి 9,000 డాలర్ల దాకా ఇచ్చే ఫెమా (అక్కడి ప్రభుత్వ విపత్తు సహాయ సంస్థ) పథకానికి 2021 ఏప్రిల్‌లో దరఖాస్తులు తీసుకోవడం మొదలుపెట్టారు. మీకూ వస్తుందని అందరూ అన్నారు గానీ, అప్లై చేసేవాళ్లకి సిటిజన్‌షిప్పో గ్రీన్‌కార్డో అలాంటిదేదో ఉండాలన్నారు. మావి హెచ్1బీ ఉద్యోగ వీసాలు.

ఒక్కటి మాత్రం మర్చిపోకండి. డెత్ సర్టిఫికెట్ కాపీలు మేం నాలుగు చాలనుకుంటే డైరెక్టరే పది తీసుకోమన్నారు. అస్థికలు ఇండియాకి పంపడానికి కాన్సులేట్ పేపర్లకి, ఇన్సూరెన్స్‌కి, ఊళ్లో పెన్షన్‌కి, బ్యాంకులకి పోగా రెండే మిగిలాయి. అస్థికలు తీసుకెళ్లే మనిషి దొరికేసరికి నవంబరు వచ్చింది. అప్పటిదాకా డైరెక్టరే తన దగ్గర భద్రంగా ఉంచారు. అందుకు పైసా తీసుకోలేదు.