చూడడానికీ కనబడడానికీ నడుమ

ప్రశ్న: సీ, లుక్, వాచ్ అనే మూడు క్రియలకూ నా దగ్గరున్న నిఘంటువులో ‘చూచు’ అనే అర్థమే ఉన్నది. ఉద్యోగం కోసం వెళ్ళిన ఇంటర్వ్యూలో ‘ఐ యామ్ సీయింగ్ టీవీ ఎవ్రీ ఈవినింగ్’ అన్నాను. తప్పన్నారు గాని కారణం చెప్పలేదు. హియర్, లిజన్‌ల విషయంలోనూ నాకు ఇదే తికమక. వివరించగలరు.
— డిగ్రీ విద్యార్థిని, తిరుపతి

జవాబు: మీకు కావలసిన భేదం చాలావరకు తెలుగులోనే ఉన్నదమ్మా. అలిపిరి వైపు వెళ్తుంటే మనం ప్రయత్నించకపోయినా శేషాచలం కొండలు కంటబడతాయి. అలా కనబడడమే సీ. కాబట్టి ‘నాకు కొండ కనిపిస్తోంది’ అనడానికి ‘ఐ కెన్ సీ ద హిల్’ అంటారు. గాలిగోపురం ఎక్కడున్నదా అని కావాలని దృష్టిని అటు తిప్పితే అది లుక్. దేనివైపు చూస్తున్నామో చెప్పేటప్పుడు ఆ క్రియ తర్వాత ‘యాట్’ చేర్చాలి. మబ్బు కమ్మిన రోజున ‘చూశాను గాని కనబడలేదు’ అంటాం కదా, ‘ఐ లుక్డ్, బట్ ఐ కుడ్‌న్ట్ సీ ఇట్’ అన్నా సరిగ్గా అదే.

వాచ్ సంగతి వేరు. కదిలేదాన్ని, మారేదాన్ని, లేదా ఏం జరుగుతుందోనని దేన్నైనా కొంతసేపు గమనిస్తూ ఉండడం దాని అర్థం. తిరుమల మాడవీధుల్లో గరుడవాహనం దగ్గరికి వచ్చి మలుపు తిరిగేదాకా భక్తులు చూస్తూ ఉండడం అటువంటిది. మేలుకొని ఉండడాన్ని తెలిపే వేక్, ఈ వాచ్ ఒకే మూలం నుండి పుట్టినవి; రాత్రంతా కాపలా కాసే వాచ్‌మన్ పేరులో ఆ పాత అర్థం ఇప్పటికీ నిలిచి ఉన్నది.

మీ వాక్యంలో అలవాటును చెప్పారు కనుక ‘ఐ వాచ్ టీవీ ఎవ్రీ ఈవినింగ్’ అనాలి. అయితే సీయింగ్ అనే రూపమే తప్పని కంఠస్థం చేయకండి. కలుసుకోవడం అనే అర్థంలో ‘ఐ యామ్ సీయింగ్ ద డాక్టర్ టుమారో’ అనడం సలక్షణమైన ఇంగ్లీషే. ఇక ఫలానా సినిమా చూశారా అని అడగడానికి సీ, వాచ్ రెండూ చెల్లుతాయి.

హియర్ అంటే వినబడడం, లిజన్ అంటే చెవి ఒగ్గి వినడం. ఏం వింటున్నామో చెప్పేటప్పుడు లిజన్ తర్వాత ‘టు’ రావాలి. ఫోను ఇంటర్వ్యూలో మీ మాట అవతలికి అందుతున్నదో లేదో తెలుసుకోవాలంటే ‘కెన్ యూ హియర్ మీ?’ అనండి. ‘ఆర్ యూ లిజనింగ్ టు మీ?’ అంటే వారు శ్రద్ధ పెట్టడం లేదని నిలదీసినట్లు వినిపించవచ్చు.