పాత 8051 (చిన్న కంప్యూటర్ లాంటి మైక్రోకంట్రోలర్ చిప్) బోర్డులో సీరియల్ కేబుల్‌తో మళ్ళీ ప్రోగ్రామ్ ఎక్కించవచ్చా, కొత్తది కొనుక్కోవడమే మేలా?

ఎక్కించవచ్చు. దయచేసి పారేయకండి. ల్యాప్‌టాప్‌కి సీరియల్ పోర్టు లేక యూఎస్‌బీ కన్వర్టర్ కేబుల్ పెట్టానని, ప్రోగ్రామ్ ఎక్కించే ఫ్లాష్ మ్యాజిక్ సాఫ్ట్‌వేర్ ‘రీసెట్ నొక్కండి’ అని అడిగి అక్కడే ఆగిపోతోందని రాశారు కదా, అది చదవగానే నాకు అర్థమైంది. చిప్ పోలేదు. ఇలాంటి బోర్డులు పది తెస్తే తొమ్మిదింట్లో చిప్ బాగానే ఉంటుంది, మధ్యలో దారే తెగిపోయి ఉంటుంది.

2010లో డిప్లొమా ప్రాజెక్టుగా మా ఊరి హైస్కూలుకి గంట కొట్టే డబ్బా ఒకటి చేశాను. 8051 రకం పీ89వీ51ఆర్‌డీ2 చిప్, టైము కోసం డీఎస్1307 గడియారం చిప్, దానికో బటన్ సెల్, గంటకి కరెంటు వేసి తీసే ఒక రిలే. కీప్యాడ్ పెట్టలేదు, పీరియడ్ల టైములన్నీ ప్రోగ్రామ్‌లోనే రాసేశాను. పన్నెండేళ్ళు మోగింది. 2022లో టైమ్‌టేబుల్ మార్చారు. అటెండరు బాబాయి ఫోన్ చేసి, “బాబూ, నీ గంట పాత టైముకే మోగుతోంది, పిల్లలు అన్నం ముద్ద చేతిలో పట్టుకుని లేస్తున్నారు” అన్నాడు. ఆ శనివారమే బస్సెక్కాను.

స్టాఫ్ రూమ్ బల్ల మీద బోర్డు పెట్టి, కేబుల్ తగిలించి, వేగం 9600 బాడ్ (సెకనుకి బిట్లు) పెట్టి రీసెట్ నొక్కాను. కదల్లేదు. ఇరవైసార్లు నొక్కి ఉంటాను, ఒకటే టెన్షన్. అప్పుడు కేబుల్‌ని బోర్డు నుంచి తీసి, దాని 2, 3 పిన్నులకు ఒక పిన్నీసు అడ్డం పెట్టి, పుట్టీ అనే టెర్మినల్ ప్రోగ్రామ్ తెరిచి అక్షరాలు కొట్టాను. కొట్టిన అక్షరం తిరిగొచ్చి తెర మీద కనబడాలి. రాలేదు. కేబులే చచ్చింది! మీరు కూడా అన్నిటికంటే ముందు ఈ పరీక్ష చేయండి, రెండు నిమిషాల పని. మంచిదని చెప్పి అమ్మే నకిలీ కన్వర్టర్లతో పోయిన సాయంత్రాలు గుర్తొస్తే ఇప్పటికీ కోపం వస్తుంది.

బ్యాగులో రెండో కేబుల్ ఉంది. దాంతో అక్షరాలు తిరిగొచ్చాయి, కానీ బోర్డు మాత్రం పలకలేదు. మల్టీమీటర్ తీసి కేబుల్ వోల్టేజీకీ 8051 వోల్టేజీకీ మధ్య మార్పిడి చేసే మ్యాక్స్232 చిప్ మీద పెట్టాను. 2వ పిన్ దగ్గర ఎనిమిదో తొమ్మిదో వోల్టులు ఉండాలి, ఐదు కూడా లేదు. 6వ పిన్ దగ్గర అంతే మైనస్ ఉండాలి, సున్నా. దాని చుట్టూ ఉన్న కెపాసిటర్లు ఎండిపోయాయి. ఆ చిప్ ఐదు వోల్టుల్ని పెంచి, తిప్పి మైనస్ చేసేది ఆ చిన్న కెపాసిటర్లతోనే. ఇక్కడ జరిగింది ఇదీ: రీసెట్ అయిన వెంటనే నా 8051 చిప్‌లో ముందే ఉండే బూట్‌లోడర్ అనే చిన్న ప్రోగ్రామ్ కాసేపు లైను వింటుంది, కంప్యూటర్ పెద్ద ‘యు’ అక్షరం పంపుతుంది, అందులో ఒకటీ సున్నా మారిమారి వస్తాయి కాబట్టి చిప్ వేగం కొలుచుకుని జవాబిస్తుంది. వినడానికి ఆ మైనస్ వోల్టేజీ అక్కర్లేదు, మాట్లాడటానికి కావాలి. నా బోర్డు ప్రతిసారీ విన్నది, పాపం జవాబు చెప్పలేకపోయింది.

స్కూల్లో మూలపడ్డ డీవీడీ ప్లేయర్ విప్పి అందులోంచి నాలుగు కెపాసిటర్లు పీకి వేశాను. రీసెట్ నొక్కగానే ఆకుపచ్చ గీత కదిలింది.

మీ దగ్గర టంకం సామాను లేకపోతే ఇంకో దారి ఉంది. మ్యాక్స్232ని సాకెట్‌లోంచి పూర్తిగా తీసేసి, ఐదు వోల్టుల యూఎస్‌బీ టీటీఎల్ మాడ్యూల్‌ని (చిప్ వోల్టేజీకే పనిచేసే యూఎస్‌బీ కన్వర్టర్) నేరుగా 8051 చిప్ 10, 11 పిన్నులకు కలపండి. మాడ్యూల్ టీఎక్స్ (పంపేది) 10కి, ఆర్‌ఎక్స్ (అందుకునేది) 11కి, గ్రౌండ్ గ్రౌండ్‌కి. హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో ఈ మాడ్యూల్ అడిగితే ఇస్తారు.

నన్ను అసలు బాధపెట్టేది వేరే ఉంది. పిల్లలు ప్రాజెక్టులు రెడీమేడ్‌గా కొని పెట్టేస్తున్నారు. అమ్మేవాళ్ళు చిప్ మీద నంబరు గీకేసి ఇస్తారు, సోర్స్ కోడ్ ఇవ్వరు, సెక్యూరిటీ బిట్ వేసేస్తారు, లోపలిది చదవడం కుదరదు. వైవాలో 8051కి టైమర్లెన్ని అని అడుగుతారు గానీ, చిప్ వేగాన్ని నడిపే క్రిస్టల్ 12 కాకుండా 11.0592 మెగాహెర్ట్జ్ ఎందుకు పెట్టావని అడగరు. చిప్ లోపల జరిగినట్టే దాన్ని 12తో, 32తో, 3తో వరసగా భాగించి చూడండి, సరిగ్గా 9600 వస్తుంది. 12 పెట్టి అలాగే భాగిస్తే ఎనిమిదిన్నర శాతం తేడా, తెర మీద చెత్త అక్షరాలు. ఈ ఒక్క లెక్క చెప్తే పిల్లాడికి జన్మలో సీరియల్ మర్చిపోవడం ఉండదు.

నా సోర్స్ కోడ్ పాత సీడీలో ఉండబట్టి బతికిపోయాను. ఇప్పుడు కోడ్, చిప్‌లోకి ఎక్కించే హెక్స్ ఫైలు ఒక పెన్‌డ్రైవ్‌లో వేసి గంట డబ్బా మూత లోపల టేపుతో అంటించాను. పక్కనే స్కెచ్ పెన్నుతో చిప్ పేరు, క్రిస్టల్, బాడ్ రేటు రాసి పెట్టాను.