ఓవెన్ లేకపోతే మూకుడు ఉంది కదా!

పోయిన నెల ఇంట్లో బన్నులు చేసుకోవడం గురించి నాలుగు మాటలు రాస్తే, వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే ప్రశ్న: "మా ఇంట్లో ఓవెన్ లేదండీ, గ్యాస్ పొయ్యి మీద అవుతుందా?" అవుతుంది, బాగా అవుతుంది. నేను మొదటి ఆరేడేళ్ళు పొయ్యి మీదే చేశాను, ఇప్పటికీ కరెంటు లేని రోజు అలాగే చేస్తాను. అందుకే ఈసారి శీర్షిక మొత్తం దీనికే ఇస్తున్నాను.

ప్రశ్న: మేడమ్ గారూ, పిల్లలిద్దరికీ పొద్దున్నే బ్రెడ్డు ఉండాల్సిందే. బ్రెడ్డు కోసం ఓవెన్ కొనడం మావల్ల కాదు. కొలతలతో సహా మొత్తం చెప్పండి. – ఒక గృహిణి, రాజమహేంద్రవరం

జవాబు: ఒక చిన్న బ్రెడ్డుకి మైదా 250 గ్రాములు, గోరువెచ్చని నీళ్ళు 160 మిల్లీలీటర్లు (సగం పాలు పోస్తే ఇంకా మెత్తగా వస్తుంది), ఇన్‌స్టంట్ ఈస్ట్ 3 గ్రాములు అంటే ఒక టీస్పూను, చక్కెర ఒక టేబుల్‌స్పూను, ఉప్పు 5 గ్రాములు, వెన్న లేదా నూనె 20 గ్రాములు. వీలైతే తూచుకోండి అమ్మా, కప్పు కొలత ఒక్కో చేతిలో ఒక్కోలా ఉంటుంది, అదే కప్పులో పిండి వదులుగా పోస్తే 120 గ్రాములు, కుక్కి నింపితే 150 దాకా పడుతుంది, నీళ్ళు మాత్రం అంతే పోస్తాం కాబట్టి ఒకరోజు గట్టిగా, ఒకరోజు జారుగా వచ్చి ఎందుకో అర్థం కాదు.

వెన్న తప్ప అన్నీ కలిపేసి ఐదు నిమిషాలు పిసికాక వెన్న వేసి మళ్ళీ ఏడెనిమిది నిమిషాలు పిసకండి. ముద్ద చపాతీ పిండి కన్నా బాగా మెత్తగా, మొదట్లో చేతికి అంటుకుంటూ ఉంటుంది. అంటుకుంటోంది కదా అని పొడిపిండి చల్లకండి, చాలామందికి బ్రెడ్డు ఇటుకలా రావడానికి కారణం ఆ చల్లిన గుప్పెడు పిండే. పిసికేకొద్దీ అదే చేతిని వదిలేస్తుంది. ఉసిరికాయంత ముద్ద తీసుకుని రెండు చేతుల వేళ్ళతో మెల్లగా సాగదీస్తే, చిరగకుండా అవతలి వెలుతురు కనిపించేంత పల్చని పొర రావాలి. ఆ పొరే తర్వాత గాలిని పట్టి ఉంచేది. అది రాకపోతే ఇంకో మూడు నిమిషాలు పిసకండి.

గిన్నెకి నూనె రాసి ముద్ద పెట్టి మూత వేసి, రెండింతలయ్యేదాకా వదిలేయండి. తర్వాత గాలి పోయేలా అదిమి, గుండ్రంగా చుట్టి, నూనె రాసిన ఆరంగుళాల అల్యూమినియం గిన్నెలో పెట్టండి. గిన్నె ఎత్తు మూడంగుళాలు ఉంటే సరిపోతుంది. మళ్ళీ పొంగి అంచుకి కాస్త కిందిదాకా రావాలి, మామూలుగా అరగంట, ముప్పావు గంట పడుతుంది.

అది పొంగుతుండగానే పొయ్యి సంగతి చూడండి. అడుగు మందంగా ఉన్న పెద్ద గిన్నె, దానికి సరిగ్గా అతికే మూత, లోపల పెట్టడానికి ఒక స్టాండు. స్టాండు లేకపోతే ఒక చిన్న స్టీలు గిన్నె బోర్లించండి. పెద్ద గిన్నె అడుగున రెండు సెంటీమీటర్ల మందాన రాళ్ళ ఉప్పుగానీ, కడిగి బాగా ఎండబెట్టిన ఇసుకగానీ పోస్తే వేడి ఒక్కచోట కాకుండా అంతటా సమంగా అందుతుంది. ఉప్పు తేమ తగిలితే అల్యూమినియాన్ని తినేస్తుంది కాబట్టి పాత గిన్నె వాడండి, ఆ ఉప్పుని కూరల్లోకి వాడకుండా ఒక డబ్బాలో పెట్టుకుంటే ఎన్నిసార్లయినా పనికొస్తుంది. నాన్‌స్టిక్ గిన్నె మాత్రం ఇలా ఖాళీగా వేడి చేయకండి.

మూత పెట్టి మధ్యస్థ మంట మీద పది నిమిషాలు వేడెక్కాక బ్రెడ్డు గిన్నె లోపల దించండి. ఐదు నిమిషాలు అదే మంట, ఆ తర్వాత పూర్తిగా సిమ్‌లో పెట్టి 35 నిమిషాలు. పొయ్యిని బట్టి అటూ ఇటూ అవుతుంది కానీ మొదటి అరగంట మూత ఎత్తకండి. పుల్ల గుచ్చితే తడి పిండి అంటకూడదు, బయటికి తీసి అడుగున వేలితో తడితే డొల్లగా మోగాలి. వంటింటి థర్మామీటరు ఉన్నవాళ్ళకి లెక్క తేలిక, బ్రెడ్డు నడుమ 93 నుంచి 95 డిగ్రీల సెల్సియస్ వస్తే ఉడికినట్టే. తీసిన వెంటనే కోయకండి, లోపలి పిండి ఇంకా కుదురుకుంటూ ఉంటుంది, వేడిమీద కోస్తే కత్తికి బంకలా చుట్టుకుంటుంది. ఒక గంట ఆగండి. పిల్లలు ఊరుకోరని తెలుసు, అయినా ఆగండి.

ప్రశ్న: నాలుగుసార్లు చేశాను. నాలుగుసార్లూ అడుగు మాడింది, నడుమ పచ్చిగా ఉంది, పైన తెల్లగా ఉంది. ఇక మానేద్దామనుకుంటున్నాను. – ఒక పాఠకురాలు, నల్గొండ

జవాబు: మానకండి, మీ చేతిలో తప్పేం లేదు. ఓవెన్‌లో వేడి చుట్టూ ఉంటుంది, పొయ్యి మీద కిందనుంచే వస్తుంది. మనం పడే పాట్లన్నీ ఆ కింది వేడిని పక్కలకీ పైకీ తీసుకెళ్ళడానికే. ఇది అర్థమైతే మీ మూడు సమస్యలూ ఒకటే సమస్య అని తెలుస్తుంది.

అడుగు మాడిందంటే మంట ఎక్కువైంది, లేదా గిన్నె అడుగుకీ బ్రెడ్డుకీ మధ్య ఖాళీ లేదు. స్టాండు ఎత్తు పెంచండి, బ్రెడ్డు గిన్నెలో అడుగున వెన్నకాగితం వేయండి, సిమ్‌లో కూడా మంట పెద్దదిగా ఉంటే పొయ్యికీ పెద్ద గిన్నెకీ మధ్య పాత ఇనప పెనం పెట్టండి. నడుమ పచ్చిగా ఉందంటే అడుగు మాడుతోందని భయపడి ముందే దించేశారన్నమాట. మంట తగ్గితే టైము ఇవ్వగలుగుతారు, టైము ఇస్తే నడుమ ఉడుకుతుంది.

ఇక పైన తెల్లగా ఉండటం. మూత కింద ఆవిరి నిండి ఉంటుంది, పైభాగం తడిగా ఉన్నంతసేపూ వేడి 100 డిగ్రీలు దాటదు, రొట్టెకి ఎర్రని రంగు రావాలంటే పైభాగం ఆరిపోయి 140 డిగ్రీల దాకా వెళ్ళాలి. దీనికి మనవాళ్ళు ఏనాడో దారి కనిపెట్టారు. గోదావరి జిల్లాల్లో దిబ్బరొట్టె ఎలా కాల్చేవారో గుర్తుందా? మందపాటి మూకుట్లో పిండి పోసి, మూత పెట్టి, ఆ మూత మీద కూడా నిప్పులు పోసేవారు. కింద సెగ, పైన సెగ, అది ఓవెనే కదా! బొగ్గులు లేని మన వంటిళ్ళలో నేను చేసేది ఇది: మూతకి బదులు చదునైన స్టీలు పళ్ళెం బోర్లించి, చివరి పావుగంట రెండో పొయ్యి మీద బాగా కాల్చిన ఇనప పెనాన్ని దానిమీద పెడతాను, చల్లారితే మళ్ళీ కాల్చి పెడతాను. ఓవెన్‌లో వచ్చినంత రంగు రాదు, లేత బంగారు రంగు వస్తుంది. ఇది కష్టమనిపిస్తే ఉడికిన బ్రెడ్డుని వెన్న రాసిన పెనం మీద తలకిందులుగా రెండు నిమిషాలు పెట్టండి, చక్కగా ఎర్రబడుతుంది. ఆవిరి నీళ్ళు కారి బ్రెడ్డు మీద పడుతున్నా దిగులు పడకండి, చివర్లో మూత పక్కన ఒక చెంచా కాడ అడ్డంపెట్టి కాస్త సందు ఇస్తే ఆరిపోతుంది. మూతకి గుడ్డ చుట్టమని కొందరు చెబుతారు, గ్యాస్ మంట దగ్గర గుడ్డ వేలాడటం ప్రమాదం, నేను చెప్పను.

ప్రశ్న: ఈస్ట్ ఒకసారి అసలు పొంగదు, ఒకసారి పొంగి కుప్పకూలి కల్లు వాసన వస్తుంది. ఈ టెన్షన్ ఎలా పోతుంది? – విజయవాడ నుంచి

జవాబు: పొంగలేదంటే ఈస్ట్ చచ్చిపోయింది. పాతదై అయినా పోవాలి, వేడినీళ్ళు పోసి మనమైనా చంపాలి. 55, 60 డిగ్రీల దగ్గర అది బతకదు. నీళ్ళు చంటిపిల్లకి స్నానం పోసేంత వేడిలో ఉంటే చాలు. పెద్ద గుండ్లలా ఉండే డ్రై ఈస్ట్ అయితే ముందుగా ఆ నీళ్ళలో చిటికెడు చక్కెరతో పది నిమిషాలు నానబెట్టండి, నురగ వస్తే బతికి ఉన్నట్టు, రాకపోతే పిండి పాడుచేయకుండా అక్కడే ఆగిపోవచ్చు. ఇన్‌స్టంట్ అయితే నేరుగా పిండిలో కలపవచ్చు. ప్యాకెట్ విప్పాక గాలి తగలని డబ్బాలో వేసి ఫ్రీజర్‌లో పెట్టండి.

కల్లు వాసన అంటే ఎక్కువసేపు పులిసింది. పుస్తకాల్లో గంట, గంటన్నర అని ఉంటుంది, అది మన మే నెల ఎండలకి రాసింది కాదు. మీ ఊళ్ళో బయట 42 డిగ్రీలు ఉన్నరోజు ముద్ద అరగంట, నలభై నిమిషాల్లోనే రెండింతలవుతుంది, గడియారాన్ని నమ్మి కూర్చుంటే అది పొంగి, కూలి, పులిసిపోతుంది. వేసవిలో నీళ్ళు ఫ్రిజ్‌లోవి పోయండి, ఈస్ట్ సగం వేయండి. అదే ఆదిలాబాద్‌లో డిసెంబరు రాత్రి అయితే రెండు మూడు గంటలైనా కదలదు, అప్పుడు పెద్ద డబ్బాలో ముద్ద పక్కనే మరిగిన నీళ్ళ గ్లాసు పెట్టి మూసేయాలి. ఏ ఊరైనా ఏ కాలమైనా పరీక్ష ఒకటే: వేలు నూనెలో ముంచి ముద్దలో గుచ్చండి. గుంట వెంటనే పూడితే ఇంకా ఆగాలి, మెల్లగా సగం పూడితే సరిగ్గా ఉంది, అసలు పూడకుండా చుట్టూ కుంగితే ఆలస్యమైంది. ఆలస్యమైతే పారేయకండి, అదిమి పల్చని రొట్టెలు ఒత్తుకుని పెనం మీద కాల్చుకోండి, వెల్లుల్లి, వెన్న రాస్తే బాగుంటాయి.

ప్రశ్న: ప్రెషర్ కుక్కర్‌లో గాస్కెట్, విజిల్ తీసేసి చేయవచ్చంటారు కదా? – కరీంనగర్ నుంచి

జవాబు: చాలామంది చేస్తారు, నేను వద్దంటాను. నీళ్ళు లేకుండా కుక్కర్ వేడెక్కితే కరిగిపోయేలా చేసిన సేఫ్టీ వాల్వ్ ఉంటుంది మూతకి, దాన్ని పాడుచేసుకుని మర్నాడు అదే మూతతో పప్పు పెట్టడం మంచిది కాదు. కుక్కర్ అడుగు మందంగా ఉంటుంది కాబట్టి గిన్నె వరకు వాడుకుని, పైన మామూలు పళ్ళెం మూత పెట్టండి.

ప్రశ్న: అక్కా, నేను హైదరాబాద్‌లో రూమ్‌లో ఉండి చదువుకుంటున్నాను. ఇండక్షన్ స్టవ్, ఒక పెనం, ఒక మూత, అంతే నా వంటిల్లు. నాకేమైనా కుదురుతుందా? – ఒక విద్యార్థి

జవాబు: కుదురుతుంది తమ్ముడూ, అయితే పెద్ద బ్రెడ్డు వద్దు. ఖాళీ గిన్నెని ముప్పావు గంట వేడి చేస్తే ఇండక్షన్ మధ్యలో తనంతట తానే ఆగిపోతుంది. పైన చెప్పిన పిండినే కలిపి, పొంగాక ఎనిమిది ఉండలు చేసి, రెండు సెంటీమీటర్ల మందాన బిళ్ళల్లా అదుము. పళ్ళెంలో కాస్త రవ్వ చల్లి దానిమీద వాటిని అరగంట వదిలేయి, రవ్వ ఉంటే అంటుకోవు. పెనం అన్నిటికన్నా తక్కువ వేడిలో పెట్టి, నాలుగేసి చొప్పున, మూతపెట్టి ఒక్కోవైపు ఏడెనిమిది నిమిషాలు కాల్చు. రెండువైపులా పెనం తగులుతుంది కాబట్టి పైన తెల్లగా ఉందన్న సమస్యే లేదు. పక్కలు నొక్కితే స్పాంజిలా లేవాలి. గుడ్డు పెట్టుకుని తింటే పరీక్షల రోజుల్లో ఒక పూట గడిచిపోతుంది. ముందురోజు రాత్రి ఈస్ట్ పావు స్పూనే వేసి కలిపి, ఫ్రిజ్ ఉంటే అందులో పెట్టేస్తే పొద్దున లేచి కాల్చుకోవడమే పని.

ప్రశ్న: మా నాన్నగారికి సుగర్. మొత్తం గోధుమపిండితో చేస్తే గట్టిగా వస్తోంది. – గుంటూరు నుంచి

జవాబు: గోధుమపిండిలో ఉండే పొట్టు, మనం సాగదీసి చూసిన ఆ పొరని చిన్న కత్తిలా కోస్తూ ఉంటుంది, అందుకే మైదా అంత పొంగదు. నీళ్ళు కూడా ఎక్కువ తాగుతుంది. 250 గ్రాములకి 180 మిల్లీలీటర్లతో మొదలుపెట్టి, ఈస్ట్, ఉప్పు వేయకుండా పిండీ నీళ్ళూ మాత్రం కలిపి అరగంట మూసి ఉంచండి, పొట్టు నానుతుంది, తర్వాత మిగతావి వేసి పిసికితే తేడా మీకే తెలుస్తుంది. మొదటిసారి సగం మైదా, సగం గోధుమపిండితో చేసి చేయి కుదిరాక మైదా తగ్గించుకుంటూ రండి. ఒక్కమాట, గోధుమ బ్రెడ్డులో పీచు ఎక్కువే కానీ దానితోనూ సుగర్ పెరుగుతుంది. నాన్నగారు ఎన్ని ముక్కలు తినవచ్చో ఆయన్ని చూసే డాక్టరునే అడగండి.

ప్రశ్న: ఈస్ట్ దొరకని ఊరు మాది. పులిసిన ఇడ్లీ పిండి మైదాలో కలిపితే బ్రెడ్డు రాదా? – అమలాపురం దగ్గర పల్లె నుంచి

జవాబు: పొంగుతుంది కానీ నమ్మకంగా కాదు, పుల్లగా, బరువుగా వస్తుంది. ఇడ్లీ పిండిని పొంగించేది ఎక్కువగా బ్యాక్టీరియా, ఆ గాలిని పట్టి ఉంచేది మినప్పప్పు జిగురు. బ్రెడ్డు లెక్క వేరు. అయినా మీ ఊరికి దిబ్బరొట్టె ఉండగా బెంగ ఎందుకండీ? గ్లాసు మినప్పప్పు నానబెట్టి గట్టిగా రుబ్బి, కడిగి పిండిన రెండు గ్లాసుల ఇడ్లీ రవ్వ కలిపి, మందపాటి ఇనప మూకుట్లో నూనె ధారాళంగా వేసి రెండంగుళాల మందాన పోసి, మూతపెట్టి సన్నని సెగ మీద పావుగంట పైన ఉంచి తిరగేయండి. చెరకు పానకంతో తింటే దానికి సాటి లేదు.

ప్రశ్న: రెండోరోజుకే గట్టిపడుతోంది, ఫ్రిజ్‌లో పెట్టినా అంతే. – విశాఖపట్నం నుంచి

జవాబు: ఫ్రిజ్‌లో పెట్టడం వల్లే. ఆ చల్లదనంలో బ్రెడ్డు బయటకన్నా త్వరగా గట్టిపడుతుంది. ఒకరోజుకి కావలసింది గుడ్డలో చుట్టి డబ్బాలో ఉంచండి, మిగతాది ముక్కలు కోసి ఫ్రీజర్‌లో పెట్టి, కావలసినప్పుడు తీసి నేరుగా పెనం మీద వేడి చేయండి. మీ ఊరి ఉక్కకి బయట మూడోరోజు ఉంచకండి, లోపల జిగటగా తీగలు సాగినా, మగ్గిన పండు వాసన వచ్చినా పారేయండి.