సందేహాలు – సమాధానాలు: ‘పీల్చి’ కింద ఎర్రగీత

ప్రశ్న: మా అబ్బాయి ఇంగ్లీష్ మీడియంలో తొమ్మిదో తరగతి. తెలుగు వ్యాసంలో ‘చెట్లు కిరణజన్య సంయోగక్రియ ద్వారా కార్బన్ డైఆక్సైడ్‌ను పీల్చి ఆక్సిజన్‌గా మారుస్తాయి’ అని రాశాడు. టీచర్ ‘పీల్చి’ కింద ఎర్రగీత పెట్టి, చెట్లకు ముక్కుందా అని పక్కన రాశారు. ‘గ్రహించి’ అనే రాయాలా? ఇంకో సంగతి. జన్యువంటే మన పోలికల్ని పుట్టించేది కదా, అలాగే ‘కిరణజన్య’ అంటే కిరణాల్ని పుట్టించేదని అర్థం రాదా అని మావారి వాదన.
– ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి, హైదరాబాద్

సమాధానం: ముందు మీవారి మాట తేల్చేద్దాం. పుట్టించేది జనకం, పుట్టినది జన్యం. సంగీతం నేర్చినవాళ్లను అడగండి, హరికాంభోజి జనక రాగం, మోహన దాని జన్యం అని వెంటనే చెబుతారు. కిరణాల వలన జన్యమైనది కిరణజన్యం, పంచమీ తత్పురుష. ఇక జన్యువన్నది జీన్‌కు మనం పెట్టుకున్న వేరే శాస్త్రపదం. దాని అర్థాన్ని ఇక్కడికి లాక్కురాకూడదు. మన ఊళ్లోనే ఉర్దూలో చదువుకున్నవాళ్లు కిరణజన్య సంయోగక్రియనే ‘జియాయీ తాలీఫ్’ అంటారు. జియా అంటే వెలుగు, తాలీఫ్ అంటే కూర్పు. దారులు వేరైనా రెండు భాషలూ చేరింది ఒక్క చోటికే.

ఇక ‘పీల్చి’. అందులో తప్పేమీ లేదు. ఎండిన నేల వాన నీళ్లు పీల్చుకుంటుంది, పిండి పలచనైతే గారెలు నూనె పీలుస్తాయి. వాటికి మాత్రం ముక్కుందా? ఆకు తన పత్రరంధ్రాల గుండా గాలిని లోపలికి తీసుకోవడాన్ని పీల్చుకోవడం అంటే తెలుగు చెడిపోదు. ‘గ్రహించి’ కూడా సరే, కాస్త పుస్తకాల వాసన వస్తుందంతే. అయితే ‘శ్వాసించి’ అని రాసి ఉంటే మాత్రం నేనూ గీత పెట్టేవాణ్ణే. శ్వాసక్రియ వేరే పని. అందులో మొక్క కూడా మనలాగే ఆక్సిజన్ తీసుకుని కార్బన్ డైఆక్సైడ్ వదులుతుంది. అది రాత్రే కాదు, పగలూ జరుగుతుంది. పగలు వెలుతురులో కిరణజన్య సంయోగక్రియ జోరు ఎక్కువ కాబట్టి శ్వాసక్రియ పైకి కనిపించదు. చేపల చెరువుల రైతులకు ఈ సంగతి బాగా తెలుసు. నాచు బాగా పట్టిన చెరువులో తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తుంటాయి. రాత్రంతా ఆ నాచూ, చేపలూ, నీళ్లలోని సూక్ష్మజీవులూ కలిసి నీటిలోని ఆక్సిజన్‌ను తోడేసి ఉంటాయి. అందుకే తెల్లారకముందే నీళ్లలోకి గాలి కలిపే ఏరేటర్లు వేస్తారు.

అసలు గీత పడాల్సింది ‘ఆక్సిజన్‌గా మారుస్తాయి’ కింద. తెలుగులో ‘ఫలానాదాన్ని ఫలానాగా మార్చు’ అంటే మొదటిదే రెండోది అయిందని. పాలను పెరుగుగా మార్చామంటే ఆ పాలే పెరుగయ్యాయి. కానీ చెట్టు వదిలే ఆక్సిజన్ కార్బన్ డైఆక్సైడ్‌లోంచి వచ్చింది కాదు, నీళ్లలోంచి వచ్చింది. 1941లో అమెరికాలోని కాలిఫోర్నియాలో రూబెన్, కామెన్ అనే శాస్త్రవేత్తలు గుర్తుపట్టడానికి వీలుగా మామూలు దానికన్నా బరువైన రకం ఆక్సిజన్ కలిగిన నీటిలో క్లోరెల్లా అనే నాచును ఉంచి చూశారు. బయటికి వచ్చిన ఆక్సిజన్ ఆ నీటిదేనని తేలింది. ఆకుల్లోని పచ్చ పదార్థమైన పత్రహరితం పట్టుకున్న వెలుతురు నీటిని విడగొడుతుంది. ఆక్సిజన్ బయటికి పోతుంది, హైడ్రోజన్ కార్బన్ డైఆక్సైడ్‌తో కలిసి చక్కెర తయారవుతుంది. పేరులో సంయోగం ఉన్నా ముందు జరిగేది వియోగమే!

ఆ వియోగం చిన్న విషయమేం కాదు. సుమారు 240 కోట్ల ఏళ్ల కిందటి దాకా భూమి గాలిలో ఆక్సిజన్ దాదాపు లేదు. నీటిని విడగొట్టడం నేర్చిన నీలి ఆకుపచ్చ శైవలాలనే సూక్ష్మజీవుల వల్లే అది పోగవడం మొదలైంది. ఇవాళ గాలిలో అది 21 శాతం ఉందంటే వాటి చలవే, తర్వాత వచ్చిన మొక్కల చలవే. మనం తినే అన్నంలోని పిండిపదార్థమూ ఈ పనిలో పుట్టిందే. పాపం కార్బన్ డైఆక్సైడ్ గాలిలో 0.04 శాతం మాత్రమే. ఆ కాస్తతోనే ఇంత పంట.

కాబట్టి మీ అబ్బాయి వాక్యాన్ని ఇలా దిద్దితే చాలు: ‘చెట్లు కార్బన్ డైఆక్సైడ్‌నూ నీటినీ పీల్చుకుని ఎండ సాయంతో చక్కెరను తయారుచేసుకుంటాయి, ఆక్సిజన్‌ను వదులుతాయి.’ పేరు పెట్టాలనుకుంటే చివర ‘దీన్నే కిరణజన్య సంయోగక్రియ అంటారు’ అని చేర్చుకోవచ్చు. రాసేటప్పుడు ‘కిరణజన్య’ కలిపి, ‘సంయోగక్రియ’ కలిపి, మధ్యలో ఒక్కచోటే ఖాళీ వదలాలి.