పాఠకుల ప్రశ్నలు: మా బిడ్డను కిలిమంజారోకు పంపొచ్చా?

(ఈ నెల జవాబులు రాసినవారు ఆర్మీలో నర్సింగ్ అసిస్టెంట్‌గా లద్దాఖ్, సియాచిన్ ప్రాంతాల్లో పనిచేసి రిటైరయ్యారు. ఇప్పుడు నాగర్‌కర్నూల్‌లో ఉంటున్నారు.)

ప్రశ్న: మాది కల్వకుర్తి దగ్గర పల్లె. మా బిడ్డ డిగ్రీ రెండో సంవత్సరం. భువనగిరి గుట్ట మీద రాక్ క్లైంబింగ్ నేర్చుకుంది. ఇప్పుడు ఆఫ్రికా వెళ్లి కిలిమంజారో ఎక్కుతానంటోంది. ఊళ్లో చందాలు పోగయ్యాయి, బ్యానర్ కూడా కొట్టించారు. ఐదు రోజుల ప్యాకేజీ అట. జారి పడితే ఎట్లా అని వాళ్లమ్మకు రాత్రుళ్లు నిద్ర లేదు. పంపాలా, వద్దా?

జవాబు: అన్నా, పంపండి. కానీ ఐదు రోజుల ప్యాకేజీలో మాత్రం పంపకండి.

మీ భయమంతా జారి పడటం గురించి. కిలిమంజారో మామూలు దారుల్లో తాడు పట్టుకుని ఎక్కే పనే ఉండదు, అంతా నడకే. అక్కడ మనిషిని దెబ్బతీసేది ఎత్తు. మన పాలమూరు సముద్రమట్టానికి సుమారు 500 మీటర్ల ఎత్తులో ఉంటే, ఆ శిఖరం 5,895 మీటర్లు. పైకి పోయినా గాలిలో ఆక్సిజన్ వాటా మారదు, ఎక్కడైనా 21 శాతమే. తగ్గేది గాలి ఒత్తిడి. ఆ శిఖరం మీద అది దాదాపు సగానికి పడిపోతుంది, ఎవరెస్ట్ మీద మూడో వంతుకు. ఎంత గట్టిగా పీల్చినా ఒంటికి అందేది అంతే.

ఐదు రోజులంటే మీకు చెప్పింది మరాంగు దారి అయ్యుంటుంది. మొదటి రాత్రి పడక 2,700 మీటర్ల దగ్గర, రెండో రాత్రి 3,700, మూడో రాత్రి 4,700. ఆ రాత్రే నిద్ర లేపి శిఖరానికి నడిపిస్తారు. 3,000 మీటర్లు దాటాక పడుకునే చోటు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదని, మూడు నాలుగు రోజులకొకసారి ఒక రోజు ఆగాలని వైద్యుల లెక్క. ఈ ప్యాకేజీలో రోజుకు వెయ్యి పెరుగుతోంది. ఆర్మీలో ఇరవై రెండేళ్ల కుర్రాడినైనా మొదటి మెట్టులో 6 రోజులు, 3,600 మీటర్లు దాటాక 4 రోజులు, 4,500 దాటాక ఇంకో 4 రోజులు ఆపి గానీ పైకి వదిలేవాళ్లం కాదు. మీ బిడ్డకు ఏడెనిమిది రోజుల దారి అడగండి. ఖర్చు పెరుగుతుంది, నిజమే. చందా ఇంకో నెల వసూలు చేయండి.

ఒక సంగతి చెప్తాను. మా పోస్టులో ఒక జవాను ఉండేవాడు, పరుగులో అందరికన్నా ముందుండేవాడు. పైకి వచ్చిన రెండో రోజు సాయంత్రం అన్నం ముట్టలేదు. తలనొప్పా అని అడిగితే "ఠీక్ హై సాబ్" అన్నాడు. కిందికి పంపేస్తారేమోనని దాచాడు. నేను నమ్మాను. అర్ధరాత్రి దగ్గు వినబడి లేచి టార్చ్ వేస్తే పెదవులు నేరేడు పండు రంగులో ఉన్నాయి. వీపు మీద చెవి పెట్టాను. మన దగ్గర బోరు ఎండిపోయేటప్పుడు గాలీ నీళ్లూ కలిసి పైపులో గుడగుడమంటాయి చూడండి, అదే చప్పుడు. ఊపిరితిత్తుల్లోకి నీరు చేరింది. ఆక్సిజన్ పెట్టాం, ఇంజెక్షన్ ఇచ్చాం, గాలి ఒత్తిడి పెంచే సంచిలో పడుకోబెట్టి తెల్లారేదాకా కాలితో పంపు కొట్టాం. దానికి అసలు మందు కిందికి దింపడం. ఆ రాత్రి మంచు తుఫానులో దింపలేకపోయాం. పొద్దున హెలికాప్టర్ వచ్చేసరికి అతను లేడు.

అందుకే మీ ఉత్తరంలో నన్ను టెన్షన్ పెట్టింది ఆ బ్యానర్. ఊరంతా చందా ఇచ్చాక, "తలనొప్పిగా ఉంది, దిగిపోతాను" అనే మాట పంతొమ్మిదేళ్ల పిల్ల నోట వస్తుందా? ఏ ముఖం పెట్టుకుని ఊళ్లోకి పోవాలి అనుకుంటుంది, నొప్పి మాత్ర వేసుకుని నడుస్తుంది. బయల్దేరే ముందు చందా ఇచ్చిన పెద్దలను ఇంటికి పిలిచి, "సగంలో వెనక్కి వచ్చినా నువ్వు మా బిడ్డవే" అని వాళ్ల నోటితోనే ఆమెకు చెప్పించండి. అన్ని మందులకన్నా ముందు ఆమెకు కావలసింది ఆ మాట.

భువనగిరి శిక్షణ మంచిదే. మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ అక్కడి బండ మీదే మొదలుపెట్టి 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కారు. కానీ బండ మీద ఓనమాలయ్యాక వాళ్లను హిమాలయాలకు తీసుకెళ్లారు. గుట్ట ఎక్కితే చేతులకు బలం వస్తుంది, తాడు మీద నమ్మకం కుదురుతుంది. పల్చటి గాలికి ఆమె ఒళ్లు ఎట్లా తట్టుకుంటుందో అక్కడ తెలియదు. వీలైతే ముందు మన హిమాలయాల్లో 4,000 మీటర్ల ట్రెక్ ఒకటి చేయించండి.

ఆమెకు ఒక పరీక్ష నేర్పండి. పొలం గట్టు మీద నడిచినట్టు మడమకు వేళ్లు ఆనించి తిన్నగా పది అడుగులు వేయాలి. కల్లు తాగినవాడిలా తూలితే మెదడు వాస్తున్నట్టు. అప్పుడు శిఖరం పది నిమిషాల దూరంలో ఉన్నా, రాత్రయినా, ఇంకొకరి తోడుతో దిగాల్సిందే. కూర్చుని ఉన్నా ఆయాసం వస్తుంటే కూడా అంతే. వట్టి తలనొప్పి, వాంతులైతే ఉన్నచోటే ఆగాలి, తగ్గేదాకా పైకి అడుగు వేయకూడదు. ఇన్సూరెన్స్ పాలసీ ఎన్ని మీటర్ల ఎత్తు వరకు వర్తిస్తుందో చదివి సంతకం పెట్టండి.

ప్రశ్న: కేదార్‌నాథ్ వెళ్తున్నాం. కర్పూరం వాసన చూస్తే ఆక్సిజన్ అందుతుందంటున్నారు. నిజమేనా? (మిర్యాలగూడ పాఠకురాలు)

జవాబు: లేదమ్మా. ముక్కు తెరుచుకున్నట్టు అనిపిస్తుంది, అంతే. రక్తంలో ఆక్సిజన్ పెరగదు. కేదార్‌నాథ్ దాదాపు 3,580 మీటర్లు. హెలికాప్టర్‌లో ఒక్కసారిగా పోయేవాళ్లకే ఇబ్బంది ఎక్కువ. గుప్తకాశీలో ఒక రాత్రి ఆగండి, దర్శనం కాగానే దిగండి. ఎత్తు వల్ల వచ్చే జబ్బు రాకుండా వేసుకునే డయామాక్స్ మాత్ర ఉపయోగపడుతుంది గానీ సల్ఫా మందులు పడనివాళ్లకు ప్రమాదం, డాక్టర్‌ను అడగకుండా వేసుకోకండి. బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్లు ముందే చూపించుకోవాలి.

ప్రశ్న: ఎవరెస్ట్ మీద చనిపోయినవాళ్లను కిందికి ఎందుకు తీసుకురారు? (ఇంటర్ విద్యార్థి, దేవరకొండ)

జవాబు: బాబూ, 8,000 మీటర్ల పైన మనిషి ఒళ్లు ఎన్ని రోజులున్నా అలవాటు పడదు, గంటగంటకూ క్షీణిస్తుంది. తన కాళ్ల మీద తాను దిగడమే గండం. అక్కడ గడ్డకట్టిన శరీరాన్ని దించాలంటే ఎక్కేవాళ్లకు తోడుగా వెళ్లే నేపాల్ కొండవాసులు, షెర్పాలు, ఎందరో ప్రాణం పణంగా పెట్టాలి. వాళ్లకూ ఇంట్లో పిల్లలుంటారు. 2014 ఏప్రిల్‌లో ఎవరెస్ట్ దారిలోని ఖుంబూ ఐస్‌ఫాల్ (పగిలి జారే మంచుగడ్డల వాలు) దగ్గర మంచు విరిగిపడి 16 మంది నేపాలీ సహాయకులు ఒక్క ఉదయమే పోయారు, పైకి వెళ్లేవాళ్ల కోసం దారి సిద్ధం చేస్తూ. 1924లో ఎవరెస్ట్ మీద పోయిన ఇంగ్లండ్ పర్వతారోహకుడు జార్జ్ మాలరీ శరీరం 75 ఏళ్లకు, 1999లో కనబడింది. వెతికి పట్టుకున్నవాళ్లు కూడా ఆయన్ను కిందికి తేలేదు. చుట్టుపక్కల రాళ్లు ఏరి ఆయన మీద పేర్చి, ప్రార్థన చేసి దిగివచ్చారు.